శిల్పాలను కనిపెట్టుకుని ఉండే కొలువు

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పుట్టిన శిల్పసంపదలో పెద్ద భాగం ఈనాడు ఈ మైదానాల్లో లేదు. అమరావతి మహాచైత్యం చుట్టూ ప్రాకారంగాను, గుమ్మటంలాంటి అండానికి తొడుగుగాను అమర్చిన పలనాటి సున్నపురాతి ఫలకాల్లో సుమారు 120 లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను, అంతకంటె ఎక్కువ సంఖ్యలో చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలోను, మరికొన్ని కలకత్తాలోను, పారిస్‌లోను ఉన్నాయి. వాటిని నిలబెట్టిన చోటనే, కృష్ణ కుడిగట్టున ఉన్న అమరావతిలో, మొదటి తరలింపుల్లో మిగిలిపోయినవి, తరవాతి తవ్వకాల్లో బయటపడినవి మాత్రమే భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారి మ్యూజియంలో కనిపిస్తాయి.

ఈ చెదిరిపోవడానికి దొరల పాలన ఒక కారణమే గాని, అదొక్కటే కారణం కాదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించిన కాలంలో, ఊరివారు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బనుంచి ఇటుకలు, రాళ్లు ఇళ్లకు, కట్టడాలకు తరలిపోయాయి. చెక్కడపు పలకలు కొన్ని బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. ఆ రోజుల్లోనే ఒకసారి, 1816లో మరొకసారి వచ్చిన కాలిన్ మెకంజీ, తన వెంట ఉన్న చిత్రకారులచేత శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, 1859 ప్రాంతంలో ఓడకెక్కాయి. 1877లో రాబర్ట్ సీవెల్, 1881లో జేమ్స్ బర్జెస్, ఆ తరవాత అలెగ్జాండర్ రీ వంతులవారీగా తవ్వారు. వచ్చినవారందరూ తవ్వారు, గీశారు, కొలిచారు, వెళ్లిపోయారు. ఏ రాయి ఏ మూల దొరికిందో రాసిపెట్టి, అది వానకు, బట్టీకి, బండికి దొరకకుండా దిబ్బ దగ్గరే జీతం మీద నిలబడే ఉద్యోగి మాత్రం చాలాకాలం లేడు. కళా ప్రదర్శనశాలలో ఉద్యోగం అంటే ఏమిటి అనే ప్రశ్నకు సమాధానాన్ని ఆ లేని ఉద్యోగి దగ్గరనుంచి వెతకడం ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకు సరైన దారి.

ప్రదర్శనశాల అనగానే సందర్శకుడికి తెలిసేది అద్దాల పెట్టెలు, పీఠాల మీద విగ్రహాలు, తలుపు దగ్గర టికెట్టు చింపే మనిషి. అది ఆ సంస్థ చేసే పనిలో బయటికి కనిపించే కొస మాత్రమే. వస్తువులను సేకరించడం, వాటిని నమోదు చేయడం, చెడిపోకుండా కాపాడటం, వాటిమీద పరిశోధన చేయడం, వాటిని ప్రజలకు అర్థమయ్యేటట్లు చూపించడం అనే పనులు కలిస్తేనే అది మ్యూజియం అవుతుంది. లేకపోతే గిడ్డంగి అవుతుంది. ఈ పనుల్లో ఒక్కొక్కదానికి వేరువేరు చదువు, వేరువేరు చెయ్యి కావాలి. వీటన్నిటి మీద అజమాయిషీ చేస్తూ, సేకరణ గురించి పాండిత్యంతో మాట్లాడగలిగిన అధికారిని క్యూరేటర్ అంటారు. కొన్ని సంస్థల్లో ఇదే హోదాకు కీపర్ అని పేరు. ఉద్యోగార్థులు సాధారణంగా ఈ ఒక్క పదవి గురించే విని ఉంటారు. దాని చుట్టూ ఉన్న పదవులే ఎక్కువ, అవకాశాలు ఉన్నదీ వాటిలోనే.

వాటిలో మొదట చెప్పుకోవలసింది అన్నిటికంటె తక్కువ మెరుపు ఉన్న పని, అంటే నమోదు. మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఇచ్చి, అది ఏమిటి, దేనితో చేసింది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు, ఏ తేదీన వచ్చింది, ఎక్కడెక్కడ విరిగి ఉంది అనే వివరాలను అక్సెషన్ రిజిస్టర్ అనే పుస్తకంలో రాస్తారు. ఆ సంఖ్యను వస్తువు మీద కూడా, ముందుకు కనిపించని చోట, కావలసినప్పుడు వస్తువుకు హాని లేకుండా తుడిచివేయడానికి వీలైన పూత మీద రాస్తారు. గుంటూరు శీతల గిడ్డంగిలో మిర్చి టిక్కీలు పెట్టిన రైతుకు బాండు ఎంతో, మ్యూజియం వస్తువుకు ఈ రిజిస్టర్ అంత: కాగితం పోతే సరుకు ఎదురుగా ఉన్నా తనదని రుజువు చేయడం కష్టం. పెద్ద మ్యూజియంలలో ఈ పని చూసే అధికారిని రిజిస్ట్రార్ అంటారు; చిన్న మ్యూజియంలలో ఒకే సహాయకుడు ఇదీ చేస్తాడు, మరో నాలుగూ చేస్తాడు.

ఈ పని విలువ ఎంతో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు, ప్రకాశం జిల్లా చందవరం చాలు. దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ గ్రామంలో 1970ల్లో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో బౌద్ధ స్తూపం, చెక్కడపు ఫలకాలు బయటపడ్డాయి. 2000వ సంవత్సరం ప్రాంతంలో అక్కడ శిల్పాలు దొంగతనానికి గురయ్యాయి. అలా పోయినవాటిలో ఒకటైన, బుద్ధుణ్ణి ఆరాధించే భక్తుల ఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల న్యూయార్క్ వ్యాపారి దగ్గర దాదాపు 6 లక్షల అమెరికా డాలర్లకు కొన్నది. ఆ రాయి ఎంతోకాలం కిందటనే భారతదేశం దాటిందని చూపే కాగితాలు వ్యాపారి వద్ద ఉన్నాయి. అయితే అదే రాయి చందవరంలో ఉండగా తీసిన ఛాయాచిత్రం బయటపడటంతో ఆ కాగితాలకు విలువ లేకుండా పోయింది. 2016లో కాన్‌బెర్రాలో ఆ ఫలకాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించారు. లక్షల డాలర్ల వివాదాన్ని తేల్చింది న్యాయవాది వాదన కాదు, ఎవరో ఒక ఉద్యోగో పరిశోధకుడో పనిలో భాగంగా తీసి భద్రపరచిన బొమ్మ. మ్యూజియం ఛాయాగ్రాహకుడి ఉద్యోగాన్ని తేలికగా చూసేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. ఆ వృత్తికి ఈ నేలమీద పాత వంశం కూడా ఉంది: మద్రాసు చేరిన అమరావతి ఫలకాలను 1858లోనే లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు, అప్పటికీ ఇప్పటికీ మధ్య ఏ ఫలకం ఎంత అరిగిందో పోల్చి చూడటానికి పరిశోధకులు ఈనాటికీ ఆ చిత్రాలను వాడుతున్నారు.

నమోదు ఇప్పుడు పుస్తకంతో ఆగడం లేదు. సి-డాక్ సంస్థ మ్యూజియంల కోసం రూపొందించిన జతన్ అనే సాఫ్ట్‌వేర్‌లో వస్తువుల వివరాలు, చిత్రాలు ఎక్కించే పని దేశంలోని పెద్ద మ్యూజియంలలో జరుగుతోంది. 2007లో ఏర్పడిన స్మారకాలు, ప్రాచీన వస్తువుల జాతీయ మిషన్ ఊరూరా ఉన్న కట్టడాలను, విగ్రహాలను పట్టికలకెక్కించే పని చేపట్టింది. ఇటువంటి పథకాల్లో నియామకాలు ఎక్కువగా ఒప్పందం మీద, కొద్దికాలానికి జరుగుతాయి. చరిత్రలో గాని, పురావస్తు శాస్త్రంలో గాని పట్టా పుచ్చుకుని, తెలుగు చక్కగా రాయగలిగి, కెమెరా పట్టడం తెలిసిన యువకుడికి ఈ రంగంలో మొదటి మెట్టు చాలాసార్లు ఇదే అవుతుంది.

నమోదు తరవాతిది పరిరక్షణ. వస్తువు ఇంకా చెడిపోకుండా ఆపడం, చెడిన భాగాన్ని అసలుకు హాని లేకుండా సరిచేయడం దీని లక్షణాలు. ఈ పని చేసే నిపుణుణ్ణి కన్సర్వేటర్ అంటారు. అమరావతి, నాగార్జునకొండ, చందవరం శిల్పాలన్నీ సున్నపురాతివి. సున్నపురాయిలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేట్, అది ఆమ్లం తగిలితే కరిగిపోతుంది. గచ్చు కడిగే యాసిడ్‌తో విగ్రహాన్ని తోమి తెల్లగా చేసిన మంచి మనసుల చేతుల్లో మీగడ పొరలా పోయిన ముక్కుచెవులు ఎన్నో ఉన్నాయి. అంతకంటె కనిపించని శత్రువు ఉప్పు. నేలలోని, గోడలోని తేమ రాతిలోకి ఎక్కినప్పుడు దానితోపాటు లవణాలు కూడా ఎక్కుతాయి. ఎండకు తేమ ఆవిరై పోయినా లవణాలు రాతి పైపొరకింద స్ఫటికాలుగా గడ్డకట్టి, ఉబ్బి, చెక్కడాన్ని పెళ్లలు పెళ్లలుగా ఊడ్చేస్తాయి. చెన్నైలో 19వ శతాబ్దపు అధికారులు అమరావతి ఫలకాలను భద్రంగా ఉంటాయనే తలంపుతో గోడలో పొదిగించారు. ఆ పొదుగుడే తరవాతి తరాల రసాయన శాస్త్రజ్ఞులకు పెద్ద సమస్య అయింది. లండన్‌లో దశాబ్దాలపాటు నేలమాళిగలో పడి ఉన్నవాటికి 1992లో గాలిలోని తేమను అదుపులో ఉంచే ప్రత్యేకమైన గది కట్టించారు. రాతినుంచి లవణాలు లాగడానికి వాడేది ఖరీదైన యంత్రం కాదు. శుద్ధజలంలో నానబెట్టిన కాగితపు గుజ్జును పట్టీలా వేసి ఆరనిస్తే, ఆరుతున్న గుజ్జు ఉప్పును తనలోకి పీల్చుకుంటుంది. ఇదే పట్టీని మళ్లీ మళ్లీ వేస్తూ, తీసిన గుజ్జులో ఎంత ఉప్పు దిగిందో ప్రతిసారీ కొలుస్తూ పోవాలి. ఓపిక లేనివారు ఈ కొలువు జోలికి రాకపోవడమే రాతికి క్షేమం.

పలనాడులోని రెంటచింతల వేసవి ఎండలకు రాష్ట్రంలోనే పేరు పొందిన చోటు. పగలు రాతి ఉపరితలం కాలిపోయి రాత్రి చల్లబడే చోట, వానాకాలంలో ఉబ్బి వేసవిలో నెర్రెలు విచ్చే నల్లరేగడి మీద కట్టిన భవనాల్లో, శిల్పాన్ని నిలబెట్టే పీఠం పునాది నుంచి పైకప్పు దాకా అన్నీ పరిరక్షణ నిపుణుడు ఆలోచించవలసినవే. అందుకే ఈ శాఖకు రసాయన శాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసినవారు కావాలి; చరిత్ర చదివినవారితోనే మ్యూజియం నడుస్తుందనేది పొరపాటు అభిప్రాయం. దక్షిణాదిన ఈ విద్యకు పునాది మద్రాసు మ్యూజియంలో 1930లో ఎస్. పరమశివన్ ప్రారంభించిన రసాయన పరిరక్షణ ప్రయోగశాల. సర్వేక్షణ శాఖకు డెహ్రాడూన్‌లో కేంద్రంగా ఉన్న విజ్ఞాన విభాగం 1917 నాటిది. లక్నోలో 1976లో నెలకొల్పిన సాంస్కృతిక సంపద పరిరక్షణ జాతీయ పరిశోధనాలయం ఈ పనిలో శిక్షణ ఇస్తుంది, దాని ప్రాంతీయ శాఖ ఒకటి మైసూరులో ఉంది. గుంటూరు, ఒంగోలు కళాశాలల్లో రసాయన శాస్త్రం చదివి ఔషధ కర్మాగారాల వైపు మాత్రమే చూసే విద్యార్థులకు ఈ దారి ఉన్నదని చెప్పేవారు తక్కువ.

రాయి ఒక్కటే ఈ ప్రాంతపు కళ కాదు. పత్తి పండే నేల కనుక నూలు వస్త్రం కూడా ఇక్కడి కళాఖండమే. నూనె, క్షారం కలిపి నానబెట్టిన నూలుకు అద్దకం వేసి, చీరాల మగ్గాలమీద నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు, ఆఫ్రికా తీరానికి ఎగుమతి అయ్యాయి. వాటి పాత నమూనాలను వస్త్ర మ్యూజియంలు ఇప్పుడు అపురూపంగా చూస్తాయి. వస్త్ర పరిరక్షణ రాతి పరిరక్షణకు పూర్తిగా భిన్నమైన విద్య. రాతికి వెలుతురు చెరుపు చేయదు. అద్దకపు రంగు వెలుతురుకే వెలిసిపోతుంది. అందువల్ల వస్త్రాలమీద, కాగితంమీది చిత్రాలమీద పడే కాంతి 50 లక్స్ మించకూడదని మ్యూజియంలు నియమం పెట్టుకుంటాయి. లక్స్ అంటే ఒక ఉపరితలం మీద పడే వెలుతురుకు కొలమానం. ఒక కొవ్వొత్తి మీటరు దూరంనుంచి ఇచ్చే వెలుతురు దాదాపు ఒక లక్స్. చీకటిగా ఉందని గదిలో విసుక్కునే సందర్శకుడికి ఈ సంగతి చెప్పవలసింది గైడు ఉద్యోగి, కొలిచి చూడవలసింది పరిరక్షణ ఉద్యోగి, చీకటిలో కూడా వస్త్రం అందంగా కనిపించేటట్లు దీపాలు అమర్చవలసింది ప్రదర్శన రూపశిల్పి. ఈ చివరి పదవికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుకళ, లలితకళల విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదివినవారు వెళుతున్నారు.

ఇక పాండిత్యపు పని. చెన్నైలోని అమరావతి శిల్పాల మీద సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం క్యూరేటర్ అంటే ఎవరో చెప్పడానికి ఇప్పటికీ మంచి ఉదాహరణ. శిల్పం పేరు, కొలత రాసి ఊరుకోక, రాతిలో కనిపించే తలపాగాలు, నగలు, మంచాలు, బండ్లు, వాద్యాలు, గిన్నెలు మొదలైనవాటిని ఒక్కొక్కదాన్ని విడిగా గుర్తించి, తన చేత్తో రేఖాచిత్రాలుగా గీసి, సంస్కృత, పాళీ గ్రంథాల్లోని వర్ణనలతో సరిపోల్చి చూపిన ఆయన తరవాత ఢిల్లీ జాతీయ మ్యూజియంకు అధిపతి అయ్యాడు. ఆ గ్రంథం చదివిన తరవాత అమరావతి ఫలకం ముందు నిలబడినవాడికి రాయి బదులు రెండువేల ఏళ్లనాటి కృష్ణాతీరపు ఇల్లు కనిపిస్తుంది. ఈ పనిలో శాసన పాఠకుడికి కూడా వాటా ఉంది. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్న అమరావతి దానశాసనాల్లో, పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి సమర్పించినట్లు ఉంది. ఆ చిన్న శాసనం చదవకపోతే ఆ పూర్ణకుంభం అలంకారంగా మిగిలేది. చదివినందువల్ల చైత్యానికి దాతలు రాజులూ శ్రేష్ఠులూ మాత్రమే కారని తెలిసింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ఖరారు చేసిన రాజముద్రలో అమరావతి పూర్ణఘటం ఉంది. అది కార్యాలయపు కాగితాల మీదకు ఎక్కింది కాని, తోలు పని చేసిన ఆ దాత పేరు ఎంతమంది పాఠశాల పిల్లలకు తెలుసో సందేహమే.

ఆ పేరు పిల్లలకు చేరవేయడం మ్యూజియంలో మరొక ఉద్యోగం. దీన్ని విద్యావిభాగం అంటారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం వంటి పెద్ద సంస్థల్లో గైడు లెక్చరర్ అనే పదవి ఉంటుంది. గదులు తిప్పి చూపించడం, పాఠశాలలతో మాట్లాడి పిల్లలను రప్పించడం, వస్తువు పక్కన పెట్టే చిన్న వివరణ పలక రాయడం దీని పనులు. మూడోదాన్ని గురించి ఒక్క మాట అనక తప్పదు. తెలుగునాట మ్యూజియం పలకల్లో తెలుగు చాలాచోట్ల ఇంగ్లీషు పలకకు నీడగా, ఇంగ్లీషు రానివాడికీ తెలుగు వచ్చినవాడికీ సమానంగా అర్థం కాకుండా ఉంటుంది. పదిహేను మాటల్లో ఒక ఫలకం గురించి రైతుకూ, రైతు కూతురికీ తెలిసేటట్లు తెలుగులో రాయగలగడం ఒక ప్రత్యేకమైన నేర్పు. అందుకు తగిన పోస్టు అంటూ విడిగా లేకపోయినా, ఆ నేర్పు ఉన్న అభ్యర్థి ఏ మ్యూజియంలోనైనా త్వరగా గుర్తింపు పొందుతాడు.

పలనాడులోని నాగార్జునకొండ మ్యూజియం ఈ ఉద్యోగాల్లోని కష్టాన్ని, ప్రత్యేకతను ఒకేచోట చూపుతుంది. 1926లో రంగస్వామి సరస్వతి బయటపెట్టిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మీద లాంగ్‌హర్స్ట్, తరవాత టి. ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల లోయ మునిగిపోనుండటంతో, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు లోయ అంతటా ముమ్మరంగా తవ్వి, దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలనైతే ఇటుక ఇటుకగా విప్పి, నీటికి పైన మిగిలే కొండమీదికి చేర్చారు. 1966లో ఆ దీవిమీద మ్యూజియం తెరిచారు. ఉద్యోగి విధికి వెళ్లాలన్నా, సందర్శకుడు చూడాలన్నా విజయపురి సౌత్ నుంచి లాంచీలోనే పోవాలి. జలాశయంలో గాలి లేచిన రోజున లాంచీ ఆగిపోతే మ్యూజియం పని కూడా ఆగినట్లే. సర్వేక్షణ శాఖ మ్యూజియంలు సాధారణంగా శుక్రవారం మూసి ఉంటాయి కనుక, పట్టణపు ఆఫీసుల్లో పనిచేసే కుటుంబసభ్యుల సెలవులకూ వీరి సెలవులకూ పొంతన కుదరదు. ఇటువంటి సంగతులు ఉద్యోగ ప్రకటనల్లో ఉండవు.

గడచిన కొన్నేళ్లుగా ఈ వృత్తికి మరొక ముఖం కూడా కనిపిస్తోంది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలి భారతీయ బౌద్ధకళ మీద 125కు పైగా వస్తువులతో ఒక పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు, ఆంధ్ర శిల్పాలు, తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు సముద్రాలు దాటి వెళ్లాయి. అక్కడనుంచి ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు సాగింది. ఒక ఫలకం అలా బయటికి వెళ్లడానికి ముందు దాని స్థితిపత్రం తయారుచేస్తారు. అందులో ఉన్న ప్రతి పగులును, పెచ్చును, మచ్చను కొలతలతో, ఫొటోలతో రాస్తారు. పెట్టె విప్పినప్పుడు, మళ్లీ కట్టినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు అదే పత్రంతో సరిచూస్తారు. కొయ్యపెట్టె తయారీ, బీమా, ఒప్పందం, శిల్పంతోపాటు ప్రయాణించే ఉద్యోగి నియామకం ఇవన్నీ ఇందులో భాగాలు. రెండువందల ఏళ్ల కిందట మెకంజీ కొలువులో ఉండి ఊరూరా తిరిగి కైఫీయత్తులనే గ్రామ చరిత్రలు, శాసనాల నకళ్లు సేకరించిన ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, పనికి కుదిరింది బయటివారి సేకరణ కోసం. ఇప్పుడు శిల్పంతో వెళ్లే ఉద్యోగి దాన్ని వెనక్కి తీసుకురావడానికి వెళుతున్నాడు.

పదవులు ఎక్కడ ఉన్నాయి, వాటికి ఎలా చేరాలి అనే విషయానికి వస్తే, నిజాయతీగా చెప్పవలసింది వాటి సంఖ్య తక్కువ అనే. కేంద్రంలో సర్వేక్షణ శాఖకు మోర్టిమర్ వీలర్ హయాంలో 1946లో ఏర్పడిన మ్యూజియం విభాగం ఉంది, దేశం మొత్తంమీద యాభైకి పైగా మ్యూజియంలు దాని కింద నడుస్తున్నాయి. పై పదవులకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్, కింది పదవులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ప్రకటనలు ఇస్తాయి. శాసన విభాగం కేంద్రం మైసూరులో ఉంది. రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖ కింద గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం, అమరావతిలో కాలచక్ర మ్యూజియం, విజయవాడలో బాపు మ్యూజియం ఉన్నాయి. ఇక్కడి పదవులకు రాష్ట్ర సర్వీస్ కమిషన్ ప్రకటన కోసం చూడాలి, చాలాకాలం చూడవలసి రావచ్చు కూడా. 1961 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయిన సాలార్‌జంగ్ మ్యూజియం తన నియామకాలను తానే ప్రకటిస్తుంది. హైదరాబాదులోని జగదీశ్ మిట్టల్ సంగ్రహాలయం, బెంగళూరులోను ఢిల్లీలోను కొత్తగా వస్తున్న ప్రైవేటు కళా ప్రదర్శనశాలలు సంఖ్యలో కొద్దే అయినా, రిజిస్ట్రార్, పరిరక్షకుడు, విద్యాధికారి అనే తేడాలు పాటించి మనుషులను తీసుకుంటాయి.

చదువు విషయంలో మ్యూజియాలజీ, అంటే మ్యూజియం నిర్వహణ శాస్త్రం, తెలుగు విశ్వవిద్యాలయాల్లో విస్తరించలేదు. బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం 1952 నుంచి, కలకత్తా విశ్వవిద్యాలయం 1959 నుంచి బోధిస్తున్నాయి; 1989లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ మ్యూజియం సంస్థ ఇప్పుడు భారతీయ వారసత్వ సంస్థ పేరుతో నోయిడాలో ఉంది; పురావస్తు శాస్త్రంలో డిప్లొమాకు గ్రేటర్ నోయిడాలో సర్వేక్షణ శాఖవారి సొంత విద్యాసంస్థ ఉంది. ఇంటికి దగ్గరగా, నాగార్జున విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివి ఆ తరవాత ఈ శిక్షణలకు వెళ్లడం గుంటూరు, ప్రకాశం విద్యార్థులకు అందుబాటులో ఉన్న దారి. అమరావతి ఫలకాల మీద బ్రాహ్మీ అక్షరాలు చదవడం నేర్చుకోవడానికి మాత్రం ఏ పట్టా కోసం ఆగనక్కరలేదు.

కాపలాదారు, గ్యాలరీ సహాయకుడు అనే పదవులను చివరికి వదలడం ఆనవాయితీ. వీటిలో చాలావాటిని ఇప్పుడు గుత్తేదార్ల ద్వారా భర్తీ చేస్తున్నారు. జీతం తక్కువ, భద్రత తక్కువ. ఆ గదిలో ఎనిమిది గంటలు నిలబడే ఈ మనిషే పగులు కొత్తగా విచ్చిందని, పైకప్పు కారుతోందని, ఒక సందర్శకుడు పదేపదే అదే విగ్రహం చుట్టూ తిరుగుతున్నాడని మొదట చూసేవాడు. చందవరం వంటి చోట్ల శిల్పాలు పోయినది క్యూరేటర్లు లేకపోవడం వల్ల కంటె, చాలినంతమంది కాపలాదారులు లేకపోవడం వల్ల అనడమే సబబు.

ఈ నేలలో ఇంకా బయటపడవలసినవి ఉన్నాయి. పత్తి చేలో నాగలికో ట్రాక్టరుకో విగ్రహం తగిలితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల పూడ్చిన వస్తువు సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. ఆచరణలో తహసీల్దారుకు చెబితే పురావస్తు శాఖకు కబురు వెళుతుంది. వందేళ్లు దాటిన శిల్పం 1972 చట్టం ప్రకారం ప్రాచీన వస్తువు కనుక దాన్ని దేశం బయటికి అమ్మడం నేరం. కబురు అందుకుని ఆ చేలోకి వచ్చే శాఖ ఉద్యోగి మొదట చేసేది విగ్రహాన్ని కదిలించడం కాదు. అది పడి ఉన్న తీరును నాలుగు వైపులనుంచి ఫొటో తీసి, ఏ సర్వే నంబరులో, ఎంత లోతున, ఎవరికి దొరికిందో రాసుకుని, పంచుల సంతకాలతో పంచనామా పూర్తి చేసిన తరవాతనే దాన్ని గుంటూరుకో, మరో మ్యూజియంకో తరలించి, రిజిస్టర్‌లో సంఖ్య వేస్తాడు.